రాజుగారి అల్లానికి ఆఖరి చూపు

ఒకానొక రాజ్యంలో, మార్గశిర మాసం, సోమవారం. పొద్దు పొడిచి రెండు గడియలైంది. మంచు దట్టంగా పట్టింది. పది అడుగుల అవతల మనిషి కనపడడం లేదు.

కోట మేడ మీద డప్పు మోగింది. వెంటనే చండభాను మహారాజు గొంతు ఖంగుమంది.

"తెల్లవారింది! ఎండ కాస్తోంది!"

ఆ రాజ్యంలో ఏ సంగతైనా రాజుగారి నోటి నుంచి వచ్చాకే జరిగినట్టు లెక్క. పొద్దు పొడవడం, వాన పడడం, ఆవు ఈనడం, మనిషి పోవడం, అన్నీ ఆయనే సెలవివ్వాలి. ఆయన ఎండ అన్నాడు గనక ఆడవాళ్ళు తడిబట్టలు తెచ్చి మంచులో ఆరేశారు. మిరపకాయలు ఉన్నవాళ్ళు అరుగుల మీద పరిచారు. ఒక పెద్దాయన పైపంచెతో నుదురు తుడుచుకుని, "అబ్బ, ఏం ఎండ!" అని, గట్టిగా తుమ్మాడు.

గురవమ్మ బట్టలు ఆరెయ్యలేదు. వంటింట్లో కూర్చుని నలుగురికి సరిపడా చద్దన్నం ముంతలోకి కలుపుతోంది. చేతులు వణుకుతున్నాయి. మజ్జిగ సగం ముంతలో, సగం నేల మీద పడింది. మూడు రోజులుగా ఆ చేతులకి ఇదే వరస. ఎందుకంటే ఆ నలుగురూ, అంటే మొగుడూ ఇద్దరు కొడుకులూ మరిదీ, మూడు రోజులుగా కోటలోని చెరకొట్లో ఉన్నారు.

అంతా ఒక అల్లం కొమ్ము వల్ల వచ్చింది.

వైశాఖంలో చండభానుడు పక్క రాజ్యానికి విందుకు వెళ్ళాడు. పెసరట్టు, అల్లప్పచ్చడి వడ్డించారు. పచ్చడి అద్భుతంగా ఉంది. "అల్లం మా దొడ్లోదే," అన్నాడు పక్క రాజు, మామూలుగా. అంతే, మనవాడికి పెసరట్టు గొంతు దిగలేదు.

"దొడ్లోనా! మా రాజ్యంలో అయితే సింహాసనం పక్కనే పండిస్తాం," అన్నాడు.

పక్క రాజు నవ్వి, బొద్దుగా ఉన్న అల్లం కొమ్ము ఒకటి చేతిలో పెట్టాడు. "సంతోషం. పుష్యమాసంలో వస్తాను. ఆ పచ్చడి నాకూ పెట్టించండి."

రాజుగారు తిరిగొచ్చి గురవమ్మ మొగుణ్ణి, తోటమాలి తిరుపాలును పిలిపించి, సింహాసనం పక్కనే నాటమన్నాడు. నాటింది తిరుపాలు అని పేరేగానీ, అతను అంతకుముందు పూలమొక్కలు తప్ప ఎరగడు. ఇంట్లో దొడ్డిగోడ నీడన, ఓటికుండలో, ఏటా అల్లం వేసేది గురవమ్మ. అందుకని ఆమెనూ వెంట తీసుకెళ్ళాడు.

గురవమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రాజుగారు ఇంకా రాని సభలో నిలబడి నాలుగు ముక్కలు చెప్పింది.

"మట్టికుండీ కావాల. అడుగున చిల్లు ఉండాల. మొలకొచ్చే కన్ను పైకి పెట్టాల. రెండు వేళ్ళ లోతు."

ఆస్థాన పండితుడు నరహరిభట్టు ఉలిక్కిపడ్డాడు. చెట్టు చేమల గురించి ఆయన దగ్గర పన్నెండు తాటాకు గ్రంథాలున్నాయి. చేతికి మట్టి మాత్రం ఎన్నడూ అంటలేదు. "రాజుగారి కుండీకి చిల్లా? అపశకునం!"

"చిల్లు లేకుంటే కుళ్ళుతాది," అంది గురవమ్మ.

చివరికి చిల్లున్న మట్టికుండీ తెచ్చి, కింద వెండి పళ్ళెం పెట్టి, మర్యాద కాపాడుకున్నారు. నాటేముందు రాజుగారు తన ఉంగరంతో అల్లం కొమ్ము మీద గట్టిగా ముద్ర వేశాడు. అల్లం కూడా తను ఎవరి సొత్తో తెలుసుకోవాలి కదా!

అల్లం ఏపుగా పెరిగింది. నడుమెత్తు ఆకు. రాజుగారు సభకు రాగానే ముందు దాన్ని చూసి మీసం దువ్వుకునేవాడు. దానికి 'ఆస్థాన అల్లం' అని పదవి కూడా ఇచ్చాడు.

మార్గశిరం వచ్చింది. ఆకు కొసన పసుపు తిరిగింది. వారంలో మొత్తం ఎండి, ఒకరోజు పక్కకి వాలిపోయింది. ఇంట్లో ఓటికుండలోదీ అలాగే వాలింది. గురవమ్మ నీళ్ళు పొయ్యడం మానేసి, ఇంకో పదిరోజుల్లో తవ్వుకోవచ్చని గంప కూడా కడిగి పెట్టుకుంది. లోపల దుంప ముదిరితే పైన ఆకు చేసే పనే అది.

సభలో ఆ సంగతి ఎవరికీ తెలీదు. రాజుగారు వచ్చి, వాలిన ఆకును చూసి, నిలువునా వణికిపోయాడు.

"మేము వస్తే లేచి నిలబడలేదంటే... మా అల్లం చచ్చిపోయింది!"

డప్పు మోగింది. రాజుగారు అనేశాడు గనక అయిపోయింది. నరహరిభట్టు అప్పుడు గ్రంథాలు తిరగేసి, "ఏలినవారు సెలవిచ్చినట్టే చచ్చింది. విషప్రయోగం," అని తేల్చాడు.

తిరుపాలును లాక్కొచ్చారు. పాపం, అతనికి నిజం చెప్పాలనే ఉంది. కానీ రాజుగారి ముందు నోరు తెరవాలంటే ముందు ఆయన బిరుదులు ఇరవయ్యొకటీ వరసగా చదవాలి. ఒకటి తప్పితే మళ్ళీ మొదటికి. తిరుపాలుకి తొమ్మిదో బిరుదు దగ్గర నాలుక మడతపడింది. మళ్ళీ మొదలెట్టాడు. పదకొండో దానిదగ్గర ఆగిపోయాడు. మూడోసారి రెండో దానికే దగ్గొచ్చింది.

"నేరస్థుడికి మాట రావడం లేదు. ఇంకేం రుజువు కావాలి?" అన్నాడు రాజుగారు. "ఆ ఆకు మళ్ళీ పచ్చబడేదాకా వీణ్ణి కొట్లో పెట్టండి!"

నీళ్ళు మోశారని కొడుకులిద్దర్నీ పెట్టారు. మరిది మద్దిలేటి ఆరోజే పొరుగూరి నుంచి గంప అడగడానికి వచ్చి, అన్న తోటలో ఉన్నాడని తెలిసి అక్కడికి వెళ్ళాడు. తోటలో దొరికాడని అతన్నీ పెట్టారు.

ఆ తరవాత ఆస్థాన అల్లానికి మూడు రోజుల మైల ప్రకటించారు.

గురవమ్మ ముంత నెత్తిన పెట్టుకుని మంచులో కోటకి నడిచింది.

కొట్టు ముందు కావలివాడు సుంకన్న చలికి ముడుచుకుని కూర్చున్నాడు. "వచ్చినావా అక్కా! రాజ్యమంతటికీ ఉన్నది ఈ ఒక్క కొట్టే. ముగ్గురికని కట్టినారు. నలుగురిని కుక్కినారు. రాత్రంతా ఒకరు పక్కకి తిరగాలంటే ముగ్గురు లేచి నిలబడతాండారు."

లోపల్నుంచి మద్దిలేటి గొంతు వినిపించింది. "వదినా! ఆ గంప గడప దగ్గరే పెట్టుంటే, నేను ఈపాటికి మా ఊళ్ళో ఉందును కదా!"

"నువ్వు ఊరుకో చిన్నాయనా," అన్నాడు చిన్నకొడుకు చెంచయ్య. "రాత్రి నీ మోకాలు నా వీపులో ఉన్నింది. నాకు లేని బాధ నీకేంది?"

పెద్దకొడుకు ఓబులేసు నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగలేదు. కింద నేల చెమ్మ. గురవమ్మ చెయ్యి ఊచల మీద బిగుసుకుంది.

తిరుపాలు ముంత అందుకున్నాడు. "ఎండిన ఆకు పచ్చబడేదెప్పుడు గురవా? మనం బయటికొచ్చేదెప్పుడు?"

సుంకన్న చెప్పాడు. "ఈపొద్దు మైలకి ఆఖరి రోజు. మిట్టమధ్యాహ్నం ఆ కుండీని తీసుకుపోయి ఏట్లో కలుపుతారంట."

కుండీ ఏట్లో పడితే నిజమూ ఏట్లో పడినట్టే. గురవమ్మ ఊచలు వదిలి సుంకన్న వైపు తిరిగింది.

"సుంకన్నా. మైలలో బిరుదులు చదువుతారా?"

"లేదక్కా. చావింట్లో పొగడ్తలేంది? పరామర్శకి పోయేవాళ్ళు ఊరికే పోయి కూచోడమే."

గురవమ్మ కొంగు తలమీదికి లాక్కుని సభ వైపు నడిచింది.

సభంతా ముఖాలు వేలాడేసుకుని ఉంది. కుండీ మీద తెల్లబట్ట కప్పారు. మైల గనక రాజుగారు సింహాసనం దిగి కింద చాప మీద కూర్చున్నాడు. కిరీటం మాత్రం తియ్యలేదు.

"ఎవరది?"

"తోటమాలి పెళ్ళాన్ని. పరామర్శకొచ్చినా."

భటులు అడ్డం రాబోయారు. రాజుగారు చెయ్యెత్తి ఆపాడు. మూడు రోజులుగా సభలో అందరూ మూతులు ముడుచుకున్నారేగానీ, కన్నీళ్ళు పెట్టినవాడు ఒక్కడూ లేడు. ఆ లోటు ఆయన మనసులో ఉంది.

గురవమ్మ కుండీ పక్కన కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నటించాల్సిన అవసరం రాలేదు. మూడు రోజుల ఏడుపు గొంతులోనే ఉంది. అది ఎవరికోసమని ఎవరూ అడగలేదు.

రాజుగారి కళ్ళు కూడా చెమర్చాయి. "చూశారా! ఏడవడమంటే అదీ!" అన్నాడు మంత్రుల వైపు తిరిగి. "అమ్మీ, ఏమన్నా అడగాలని ఉంటే అడుగు."

గురవమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఒక సందేహం మహారాజా."

"చెప్పు."

"బతికున్నదాన్ని చచ్చిందని చెప్పి ఏట్లో కలిపేస్తే, ఆ చెప్పినోనికి ఏం శిక్ష?"

న్యాయం అన్న మాట వస్తే రాజుగారికి ఒళ్ళు పొంగుతుంది. చాప మీదే నిటారుగా కూర్చున్నాడు. "చంపినవాడికి ఏ శిక్షో వాడికీ అదే! వాడు పండితుడు కానీ, మంత్రి కానీ, ఇంకా ఎంతటివాడైనా కానీ, కొట్లో పడాల్సిందే!"

"రాయించండి."

"రాయండి!" అన్నాడు రాజుగారు. లేఖకుడు తాటాకు తీసి గీకాడు. రాజుగారు ఉంగరం నొక్కి ముద్ర వేశాడు. తన న్యాయం తనకే ముచ్చటగా తోచి, ఆ తాటాకును ఒకసారి పైకి చదివించుకున్నాడు కూడా.

"ఇంకొకటి," అంది గురవమ్మ. "ఆఖరి చూపు."

నరహరిభట్టు చిరాకు పడ్డాడు. "ఇంకా చూసేదేముంది? ఆకు పసుపు తిరిగింది, ఎండింది, వాలింది. చావడమంటే ఇంకేమిటి?"

గురవమ్మ ఆయన తలవైపు చూసింది. ముగ్గుబుట్టలా ఉంది.

"అయ్యవారి జుట్టు ఎప్పుడు నెరిసింది?"

"పదేళ్ళయింది. దానికేం?"

"దినం పెట్టినారా?"

సభలో ఒక మూల ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఇంకో మూలకి పాకింది. మైలలో నవ్వకూడదు గనక అందరూ దగ్గడం మొదలుపెట్టారు. రాజుగారు మాత్రం దగ్గలేదు. మెల్లిగా చెయ్యెత్తి, రంగు వేయించుకున్న మీసం కొసల్ని అరచేత్తో మూసుకున్నాడు.

"ఆఖరి చూపు కాదనకూడదు. చూడనివ్వండి," అన్నాడు.

గురవమ్మ తెల్లబట్ట తీసి, కుండీని పక్కకి ఒరిగించి, వేళ్ళు మట్టిలోకి దించింది. అంతవరకూ వణికిన చేతులు మట్టి తగలగానే కుదురుకున్నాయి. అంచుల చుట్టూ కదిలించి, అడుగున చెయ్యి వేసి, ఎండిన కాడను రెండో చేత్తో పట్టి, ఒక్కసారి పైకి తీసింది.

మట్టి రాలింది. కుండీ నిండా ఎంత పట్టగలదో అంత అల్లం. కొమ్ముకి కొమ్ము, దానికి పిల్లకొమ్ములు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, లేత పసుపురంగులో, కొసల్లో గులాబీ ఛాయతో రెండు చేతుల్లో పట్టనంత పెద్ద గుత్తి.

ఒక కొమ్ము పుటుక్కున విరిచింది. నీళ్ళు చిమ్మాయి. ఘాటు సభంతా పరుచుకుంది. మూడు రోజులుగా మైల పేరిట అల్లం లేని చప్పిడి తిండి తింటున్నవాళ్ళు అందరూ ఒక్కసారి గుండెల నిండా పీల్చారు. నరహరిభట్టు నోట్లో నీళ్ళూరడం పక్కనున్నవాళ్ళకి వినపడింది.

"చచ్చినదానికి ఇంత తడి ఉంటాదా మహారాజా?"

రాజుగారు చాప మీంచి మోకాళ్ళ మీద ముందుకి జరిగాడు. గుత్తి మధ్యలో ముడతలు పడి, నల్లబడి, ఒక పాత కొమ్ము ఉంది. "ఇదొక్కటీ ఇలా ఉందేమిటి?"

గురవమ్మ దాన్ని విడదీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. "ఇది తల్లి. తమరు నాటించిందే. ఇన్నిట్నీ కని ఒడిలో పెట్టుకుని కూచుంది. వడిలింది అంతే. కుళ్ళలేదు."

రాజుగారు తిప్పి చూశాడు. ఒక పక్కన గుండ్రంగా మచ్చ. ఆయన ఉంగరం ముద్ర. పక్క రాజు ఇచ్చిన కొమ్మే, ఎక్కడికీ పోలేదు. ఆయన ముఖం విప్పారింది. "బతికే ఉంది! మా అల్లం బతికే ఉంది!"

అప్పుడు లేఖకుడు, అలవాటు కొద్దీ, చేతిలో ఉన్న తాటాకు చదివాడు. "బతికున్నదాన్ని చచ్చిందని చెప్పినవాడు ఎంతటివాడైనా కానీ..."

సభ గతుక్కుమంది.

"ఎవడు చెప్పాడు?" అన్నాడు రాజుగారు, ఇంకా సంతోషంలోనే.

రాజుగారి చూపు డప్పువాడి మీద పడింది. వాడు డప్పు వెనక దాక్కున్నాడు. "నేను కొట్టినా ఏలికా. చెప్పింది నేను కాదు."

చూపు నరహరిభట్టు మీదికి వెళ్ళింది. ఆయన పన్నెండు గ్రంథాలూ ఎదకి హత్తుకున్నాడు. "నేను... ఏలినవారు సెలవిచ్చిన తరవాతే గ్రంథం విప్పాను. ముందు విప్పలేదు. ప్రమాణం."

చూపు ఇంక పోవడానికి చోటు లేక, వెనక్కి తిరిగొచ్చి రాజుగారి చేతిలోని తల్లికొమ్ము మీద ఆగింది. చాప మీద కిరీటం పెట్టుకుని కూర్చున్న ఆయన, మెల్లిగా తల ఎత్తి గురవమ్మ వైపు చూశాడు.

తన నోట వచ్చిన మాట ఇన్నాళ్ళూ తనని దాటి బయటికి వెళ్ళడమే ఆయన ఎరుగును. తిరిగి తనదగ్గరికి రావడం ఇదే మొదలు.

రాజుగారి కోపం ఇప్పుడు ఎటైనా తిరగొచ్చు. కొట్లో విన్న ఓబులేసు దగ్గు గురవమ్మ చెవిలో మెదిలింది. ఆమె చేతులు జోడించింది.

"మహారాజా. ఇప్పుడు తమరు కొట్లోకి పోలేరు."

"ఎందుకు పోలేను?" రాజుగారి పౌరుషం లేచింది. "నేను మాట తప్పుతాననుకున్నావా?"

"కాదు మహారాజా. చోటు లేదు. రాజ్యానికంతా ఒకటే కొట్టు. మావాళ్ళు నలుగురున్నారు. వాళ్ళు ఖాళీ చేస్తేగానీ తమరికి కాళ్ళు చాపుకోడానికి ఉండదు."

రాజుగారి మీసం కదిలింది. ముందు ఒక కొస, తరవాత రెండోది. పొట్ట కదిలింది. ఆ తరవాత కిరీటం జారి కింద పడి వెండి పళ్ళెం మీద దొర్లింది. ఆయన దాన్ని పట్టించుకోకుండా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, చాప మీద వెనక్కి వాలి నవ్వాడు. అప్పుడు అంతవరకూ దగ్గుతున్నవాళ్ళంతా హాయిగా నవ్వారు.

"ఖాళీ చేయించండి! కొట్టు ఖాళీ చేయించండి!" అన్నాడు రాజుగారు నవ్వుల మధ్య. "అందులోకి నేను వెళ్ళేది లేదు, వీళ్ళు మళ్ళీ వచ్చేదీ లేదు. ఏమమ్మా, పరామర్శకని వచ్చి పురుడు పోసి పోతున్నావా? ఏం కావాలో కోరుకో."

"పొద్దుండగా ఇంటికి పోవాల."

"అంతేనా?"

"నా మొగుడు మొదటిరోజే చెప్పబోయినాడు. తొమ్మిదో బిరుదు దాటలేకపోయినాడు."

రాజుగారి నవ్వు కొంచెం తగ్గింది. ఆలోచించాడు. "ఇరవయ్యొకటిలో ఇరవై తీసెయ్యండి," అన్నాడు. "మాకంటూ ఒక్కటి మిగల్చండి. ఏది ఉంచమంటావు?"

"మహారాజా అంటే చాలదా, మహారాజా?"

"చాలు," అన్నాడు ఆయన, తనకే ఆశ్చర్యంగా.

కాలవ గట్టున, మామిడి నీడ పడే రెండెకరాల తోట గురవమ్మ పేర రాయించాడు. గుత్తిలోంచి పచ్చడికి కావలసింది వంటశాలకి పంపి, తల్లికొమ్మును మాత్రం ఆమెకే ఇచ్చాడు. నరహరిభట్టును వచ్చే వైశాఖం నుంచి ఆమె దొడ్లో ఒక కుండీ అల్లం స్వయంగా పెంచమని ఆజ్ఞాపించాడు. గ్రంథాలు ఇంట్లో పెట్టి రావాలన్నాడు. పుష్యమాసంలో పక్క రాజు వచ్చి, పెసరట్టు తిని, పచ్చడి మూడుసార్లు వేయించుకున్నాడని తరవాత తెలిసింది.

గురవమ్మ కోట గుమ్మం దాటుతుండగా మేడ మీద మళ్ళీ డప్పు మోగింది. రాజుగారు బయటికొచ్చి ఇటూ అటూ చూశాడు. ఆకాశం వైపూ చూశాడు. చెయ్యి చాపి చూసుకున్నాడు, తడి తగిలింది.

"మా అల్లం బతికే ఉంది!" అన్నాడు. కొంచెం ఆగి, మామూలు గొంతుతో అన్నాడు. "మంచు పడుతోంది. బట్టలు లోపలికి తీసుకోండి."

ఊరంతా ఆడవాళ్ళు హమ్మయ్య అనుకుంటూ దండేల వైపు పరిగెత్తారు.

గట్టు మీద మంచులో నలుగురూ ముందు నడుస్తున్నారు. గురవమ్మ వెనక. ముందున్నవాళ్ళు మంచులో కలిసిపోయినప్పుడల్లా ఆమె అడుగు వేగం పెంచింది. ఎవరూ ఆమెను ఏం జరిగిందని అడగలేదు. కొట్టు తలుపు తీస్తూనే సుంకన్న అంతా చెప్పి పంపించాడు.

గడప దగ్గర అందర్నీ ఆపింది. తను ముందు లోపలికి వెళ్ళి, తల్లికొమ్మును గూట్లో పెట్టి, తిరిగొచ్చి గడపకి అడ్డంగా నిలబడింది. ఒక్కొక్కర్నే లోపలికి వదిలింది.

తిరుపాలు వచ్చాడు. ఆమె అతని భుజం తాకింది. ఒకటి.

ఓబులేసు వచ్చాడు. వీపు నిమిరింది. "ముందు అల్లం కషాయం," అంది. రెండు.

చెంచయ్య వంగి లోపలికొచ్చాడు. "చిన్నాయన మోకాలి గుర్తు చూపించనా అమ్మా?" అన్నాడు. మూడు.

మంచులోంచి ఎవరూ రాలేదు. గురవమ్మ మంచులోకి తొంగి చూసింది.

"మద్దిలేటీ!"

దొడ్డివైపు నుంచి గొంతు వినిపించింది. "ఇదిగో వదినా, ఇక్కడే. గంప దొరికింది!"

గంప నెత్తిన బోర్లించుకుని మద్దిలేటి గుమ్మంలోకి వచ్చాడు. గురవమ్మ ఆ గంప తీసి, కింద ఉన్నది అతనేనని చూసుకుని, లోపలికి తోసి తలుపు వేసింది.

నాలుగు.